అత్త కూడా దూరం కూర్చుంది

మా అత్త తన చీర తానే ఉతుక్కుంటున్నదని తెలిసిన రోజు నాకు పండుగైనట్టు అనిపించింది.

లాల్‌గడి మలక్‌పేటలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి అందరి బట్టలూ నా చేతుల మీదుగానే పోయేవి. చాకలి సుక్కమ్మ వారానికోసారి పెద్ద మూట కట్టుకుపోయేది గానీ, ఏ రోజు విడిచినవి ఆ రోజు ఉతకడం నా వంతు. మామ ధోవతులు, మా ఆయన కమీజులు, పిల్లల గుడ్డలు, వాటన్నిటి మీద మా అత్త లక్ష్మీకాంతమ్మ నేత చీర. ఆ చీర నీళ్లు తాగిందంటే దున్నపోతును లేపినట్టే. మడత వదులుగా పిండితే, "తల్లిగారింట్ల తిండి వెట్టలేదా?" అనేది. అలాంటి మనిషి తెల్లారకముందే లేచి, స్నానం చేసి, చీర ఉతికి దండెం మీద వేసేస్తున్నది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మానేస్తుందేమోనని భయం.

"అమ్మకు నీ మీద పావురం ఎక్కువైంది. అలుసు తీసుకోకు" అన్నాడు మా ఆయన అన్నం తింటూ. ఆయన చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందించింది నేనే, ఆ కంచం ఎత్తింది నేనే. అలుసు ఎక్కడ తీసుకోవాలో మాత్రం నాకు తెలియలేదు.

ఆ తరువాత ఇంకో వింత. మా ఇంట్లో ముట్టయిన ఆడది వెనక పంచలో, మేము సాయబాను అనే చోట, దూరం కూర్చోవాలి. వేరే చాప, వేరే ముంత, వేరే కంచం. దేవుని అర్ర మీద, ఊరగాయ జాడీల మీద ఆమె నీడ పడకూడదు. అత్తకు ముట్టుడిగి చాలా ఏళ్లయింది కాబట్టి నెల పొడుగునా ఆమెకు అడ్డులేదు. దేవుని అర్ర ఆమెది, జాడీలు ఆమెవి, ఆషాఢంలో పోచమ్మకు మా ఇంటి బోనం ఎత్తే తల ఆమెది. ఆడదాని బతుకులో దొరికే ఒకే ఒక్క పెత్తనం అది, అదీ ఒంట్లో రక్తం ఆగితేనే దొరుకుతుంది. అలాంటిది ఉన్నట్టుండి, "మోకాళ్లు గుంజుతున్నయి, దీపం నువ్వు వెట్టు" అన్నది. రెండు రోజులు పోయాక, "జాడీల తొక్కు నువ్వే దియ్యి, నా చెయ్యి వణుకుతాంది" అన్నది. అదే చేతితో గేదె పలుపు పట్టి గుంజుకొస్తుంటే చూశాను, వణుకేమీ లేదు. పెత్తనం నా వైపు నడిచి వస్తున్నదని లోలోపల మురిసిపోయాను.

అంతలో నా రోజులు వచ్చాయి. సాయబానులో చేరాను. దూరం కూర్చున్నవాళ్లకు విశ్రాంతి అనుకుంటారు చూడనివాళ్లు. ఇంట్లో ఏదీ ముట్టకూడదు గానీ, పెరట్లో పిడకలు కొట్టడానికి ఏ అంటూ అడ్డం రాదు. అలా పేడచేతులతో చాప మీద కూలబడి ఉండగా అత్త వచ్చింది. నా నీడ తగిలితేనే బావి దగ్గరికి పరుగెత్తే మనిషి, నేరుగా చాప దాకా వచ్చింది.

"అత్తమ్మా, నేను దూరమున్న!" అని అరిచాను.

"ఎరుకనే. జర జరుగు."

జరిగాను. నా పక్కనే కూర్చుంది. భుజానికి భుజం తగిలింది. పెళ్లయ్యాక ఆమె నన్ను అంత దగ్గరగా తాకడం అదే మొదలు. లేచిపోయి స్నానం చేస్తుందని చూశాను. లేవలేదు. నా ముంతలోంచే నీళ్లు ఎత్తి తాగింది. అప్పుడు నాకు ఒక్కసారిగా అన్నీ కలిశాయి. చీర, దీపం, తొక్కు. ఈమె మా అందరికీ అబద్ధం చెప్పింది గానీ దేవునికి చెప్పలేకపోయింది. ఎవరికీ తెలియకుండా తనకు తానే దూరం పాటిస్తున్నది.

"ఎన్నడి సంది?" అన్నాను మెల్లగా.

"ఉగాది కాడ కొంచెం గనవడ్డది. ఆగింది. మల్ల వస్తాంది. నడుమంత గుంజుతాంది." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మనుమలు ఎత్తినంక ముట్టేందే, ఆండాళూ? ఊరంత నవ్వరా? మీ మామ ముంగట ఏ మొఖం వెట్టుకొని తిరుగాలె? ఎవ్వలకన్న జెప్పినవో, నీ నాలిక గోస్త."

నాలుక కోస్తానన్న మనిషి నా చేతిని మాత్రం వదల్లేదు.

నేను చెప్పాను. పక్కింటి మజీదా ఆపాకు, పెరటి గోడ మీదుగా, ఆ సాయంత్రమే. ఆమె భర్త సత్తార్ కూరగాయలు సికింద్రాబాదుకు తోలుతాడు. అతనితో వెళ్లి వస్తుంటుంది కాబట్టి ఆడవాళ్ల దవాఖాన ఎక్కడో ఆమెకు తెలుసు. నా మాట పూర్తి కాకముందే ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"మా అమ్మీకి గిట్లనే వచ్చింది. శరమ్ అని దాచుకున్నది. వాసన వచ్చినంక మాకు ఎరుకైంది, అప్పటికి అంతా అయిపోయింది. రాచపుండు అన్నది డాక్టరమ్మ. వయసు దాటినంక రక్తం వస్తే, అది ముట్టు కాదు బహెన్. జల్దీ చూపియ్యి."

దూరం తీరి ఇంట్లోకి వచ్చిన రాత్రే మా ఆయనతో, అత్తమ్మను పట్నం దవాఖానలో చూపించాలన్నాను. ఏ దవాఖాన అన్నాడు. ఆడవాళ్లది అన్నాను. పకపకా నవ్వాడు. "మా అమ్మకా? ఇప్పుడు కంటదా ఏంది? మోకాళ్లకు ఆముదం రాయి, పో." నిజం చెప్పలేను, ఇంట్లో మగవాళ్లకు చెప్పనని అత్తమ్మకు మాట ఇచ్చాను. మర్నాడు వేరే దారి పట్టాను. "బోనాలు దగ్గరవడ్డయి. అత్తమ్మ సికింద్రాబాదుల చీర గొనుక్కుంటదట. మజీదా ఆపా తోడొస్తదట" అన్నాను. "పోయి రాండ్రి" అన్నాడు తల ఎత్తకుండానే. చీరకు సెలవు అడగగానే దొరికింది. ఒంటికే దొరకలేదు. ఆ మాట తలుచుకుంటూ చాలాసేపు పొయ్యి ఊదాను. పొగకు కళ్లు మండాయనుకున్నారు అందరూ.

అత్తను ఒప్పించడం అంతకంటే కష్టమైంది. మజీదాకు చెప్పినందుకు నన్ను తిట్టింది, ఆమె తల్లి సంగతి విన్నాక తిట్లు ఆగి భయం మిగిలింది. దవాఖాన గుమ్మంలో తెలిసినవాళ్లు ఎవరన్నా చూస్తే? మజీదా తన పాత బురఖా తెచ్చి చాప మీద పరిచింది. అత్త దాన్ని పామును చూసినట్టు చూసింది, తరువాత ముట్టుకుంది, తరువాత తొడుక్కుంది. సత్తార్ బండిలో అల్వాల్ దాకా వచ్చి రైలెక్కాం. పెట్టెలో మా ఊరి నర్సయ్య, మామతో రోజూ చుట్ట కాల్చే మనిషి, ఎదురుగా కూర్చున్నాడు. నేను కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. అత్త మాత్రం కదలకుండా, స్టేషన్ వచ్చేదాకా అతణ్ని నిలువునా చూస్తూనే ఉన్నది.

దిగగానే నా చెవిలో, "నర్సిగాని ముక్కుల గన్ని ఎంట్రుకలున్నయని ఇన్నేండ్లు నాకెరుకనే లేదే! మనం అందరికి గనవడం, మనకు అందరు గనవడుతరు. మస్తుంది గిది!" అన్నది.

"ముందు మట్టెలు దాచుకో పెద్దమ్మా, టక్ టక్ అంటున్నయి!" అన్నది మజీదా. ముగ్గురం రోడ్డు మీదే నవ్వాం. ఇంటి బయట మా అత్త నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉంది.

డాక్టర్ కమలాబాయి పొట్టి మనిషి, మాట గట్టిది. బల్ల ఎక్కమనగానే అత్త వెనక్కి తగ్గింది. "నలుగురిని గన్న. మంత్రసాని సుత చీకట్లనే చేసింది. నా మొగడు సుత ఎన్నడు దీపం వెట్టి సూడలే. నువ్వెవరమ్మ సూసేటందుకు?"

"ఎవరూ చూడలేదు కాబట్టే నేను చూడాలి" అన్నది డాక్టరు. "అది మీ ఒళ్లే కదా. మీరు కన్ను పెట్టలేని చోట నేను కన్ను పెడతా, అంతే."

అత్త నా వైపు చూసింది. తల ఊపాను. ఎక్కింది. నేను తల దగ్గర నిలబడ్డాను. డాక్టరు టార్చి వేసి చూసింది. గర్భసంచి మూతి మీద చిన్న పుండు ఉందన్నది. దానిలోంచి పప్పుబద్దంత ముక్క తీసి సీసాలో వేసింది. దాన్ని సన్నగా కోసి, పెద్దగా చూపించే అద్దం కింద పెట్టి చూస్తారట. ఫలితం బోనాలయ్యాక తెలుస్తుందన్నది. దారిలో మరిచిపోకుండా చీర కొన్నాం. చెప్పిన అబద్ధానికి సాక్ష్యం కావాలి కదా.

బోనాల రోజు అత్త అందరి ముందూ కుండ నా నెత్తి మీద పెట్టింది. "ఇగ కోడలు ఎత్తుతది" అన్నది. "అమ్మది ఎంత పెద్ద మనసు" అన్నాడు మా ఆయన. ఆ మనసు వెనక ఎంత భయం ఉన్నదో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మళ్లీ వెళ్లినప్పుడు కమలాబాయి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. అది రాచపుండే. కానీ మొదట్లోనే ఉంది, మూతి దాటి ఎటూ పాకలేదు. సంచి తీసేస్తే బతుకుతారు. ఇంకో ఏడాది దాచుకుంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదు. ఆపరేషన్ కాబట్టి ఇంట్లో మగవాళ్లు రావాలి.

అత్త తన పొత్తికడుపు తడిమి, "తియ్యనీ. నలుగురిని మోసింది, ఇగ దానికేం పనున్నది గనుక" అన్నది.

ఇంటికి వచ్చాక మగవాళ్లకు ఎలా చెప్పాలని నేను దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు. అరుగు మీద మామ, మా ఆయన, నర్సయ్య కూర్చున్నారు. అత్త బురఖా తీసి చంకలో పెట్టుకుని వాళ్ల ముందు నిలబడింది.

"ఇనుండ్రి. నాకు ముట్టుడిగినంక రక్తం వస్తాంది. లోపట పుండయ్యింది. కోసి తీస్తరట. శరమ్ శరమ్ అని ఉగాది సంది దాచుకున్న. కోడలు దవాఖానకు గొంచవోకుంటె సచ్చేదాన్ని."

మామ చుట్ట నేల మీద పడింది. నర్సయ్య చూరు వాసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మా ఆయన నా వైపు చూశాడు. చీర కథ అర్థమైనట్టుంది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నవ్వి పంపిన రాత్రి గుర్తొచ్చిందో ఏమో, లేచిపోయి బండి కట్టడానికి ఎద్దులను విప్పాడు. తప్పయిందని ఆయన నోటితో అనలేదు. ఆ ఇంట్లో మగవాళ్లకు ఆ మాట ఎవరూ నేర్పలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పదిరోజులు గడిచేసరికి అత్త మంచం మీద లేచి కూర్చుని, దవాఖాన పప్పుచారులో ఉప్పు లేదని ఆయాను కసురుతున్నది. కమలాబాయి చూడటానికి వచ్చింది. కుట్లు బాగా అతుక్కున్నాయన్నది. ఆమె వెళ్లిపోతుంటే వెంటనడిచి, వరండాలో అడిగాను.

"డాక్టరమ్మా, అత్తమ్మ లెక్క రక్తం వచ్చేదాక ఆగాల్నా? ముందుగాల సూస్తే ఎరుక గాదా?"

ఆమె ఆగింది. "తెలుస్తుంది. నొప్పి లేని ఆడవాళ్లను కూడా చూడాలని, సంచి మూతి దగ్గరి తడిని గాజుపలక మీద పూసి పరీక్ష చేస్తే ముందే పట్టుకోవచ్చని ఈ మధ్య అమెరికాలో రాస్తున్నారు. ఆ పరీక్ష మా దగ్గరికి ఇంకా రాలేదు. ఇప్పటికి నాకున్నవి నా కళ్లు, ఈ టార్చి. కానీ ఏమీ లేకుండా వచ్చి చూడమన్న మనిషి నాకు ఇంతవరకు ఒక్కరూ కనబడలేదు."

మా ఆయన పళ్లబుట్ట పట్టుకుని మెట్లెక్కి వస్తూ ఆ చివరి మాట విన్నాడు. "ఎవరిని సూసేది? నీకేమైంది?" అన్నాడు కంగారుగా.

ఇన్నేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. ఏదో ఒకటి అయితే తప్ప నన్ను అడగరని, ఏదీ కాకుండా చూసుకోవడం నా పనేనని ఆ క్షణంలో తెలిసింది.

"నాకేం గాలే" అన్నాను.

"మరెందుకు?"

"గందుకే."

ఆయన ఇంకేదో అడగబోయేలోగా డాక్టరు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.