పక్కబోర్డు

"ఏడు," అంది భార్య, కళ్ళు తెరవకుండానే.

అతను పిస్తోలు దించి గోడవంక చూశాడు. గోడకి అంటించిన తెల్లకాగితం, దాని మధ్య కోటుగుడ్డలోంచి కత్తిరించిన నల్లటి గుండ్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటికి ఏనాడూ చిల్లు పడదు. గుండు వెయ్యని గాలి పిస్తోలు మీట నొక్కితే "టిక్"మంటుంది, అంతే. పొద్దున్నే పనికి బయల్దేరే ముందు కాసేపు ఇలా ఉత్తుత్తి దెబ్బలు కొట్టడం అతనికి పళ్ళు తోముకోవడం లాంటిది. ఆ టిక్కు విని, గుండే ఉంటే ఎక్కడ తగిలేదో మార్కు చెప్పడం ఆవిడకి అలవాటు. నల్లగుండ్రం నట్టనడుమ తగిలితే పది. పక్కకి జరిగినకొద్దీ మార్కు తగ్గుతుంది.

"ఏడేంటే? చెయ్యి కదల్లేదుగా."

"చెయ్యి కదల్లేదు. నొక్కబోతూ నావంక చూశావు. గోడని కాలుస్తావా, నన్ను కాలుస్తావా? ముందు అది తేల్చుకో."

వంటింట్లోంచి వదిన ఫక్కున నవ్వింది. వదిన అంటే భార్యకి స్వయానా అక్క. చెల్లెలు మంచం పట్టిందని తెలిసి, తన ఇల్లు కొడుకు మీద వదిలేసి వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"మీ సరసాలు తర్వాత. పాలు చల్లారిపోతున్నాయి మరిదిగారూ, దాన్ని కాస్త లేపి కూర్చోబెట్టండి."

అతను పిస్తోలు పెట్టెలో పెట్టి కళ్ళజోడు తీశాడు. దాని ఎడమ అద్దం మీద ఒక అట్టముక్క ఉంటుంది. గురి ఒక కంటితోనే చూడాలి. రెండో కన్ను బలవంతాన మూస్తే మొహమంతా బిగుసుకుపోతుంది, అందుకని అట్ట. ఆవిడ మందుల డబ్బా కత్తిరించి తనే చేసిపెట్టింది. "దీనివల్ల నాకెలాగూ ఉపయోగం లేదు, నీకన్నా పనికొస్తుంది," అంది అప్పుడు.

వంగి ఆవిడ వీపు కింద చెయ్యి వేశాడు. వెన్నుపూసలు ఒక్కొక్కటీ అరచేతికి తగిలాయి. ఏడుపు ముంచుకొచ్చింది. దిండు సర్దుతున్నట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

"సామాను సర్దావా?" అంది ఆవిడ.

"ఆఁ."

"ప్రయాణం రేపు పొద్దున్నేగా. నీ కోటు సాయంత్రానికి ఇచ్చేస్తా. ఒక్క గుండీయే మిగిలింది."

అతను ఊఁ కొట్టి బయటపడ్డాడు. నిజానికి బట్టల పెట్టె తెరవనే లేదు.

ఆసుపత్రివాళ్ళు కిందటి నెలే చెప్పేశారు. ఇంటికి తీసుకెళ్ళండి, నోటికేది కావాలంటే అది పెట్టండి అన్నారు. ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళెవరు? సరిగ్గా అప్పుడే పిస్తోలు క్లబ్బు నుంచి కబురొచ్చింది. యాభై దాటినవాళ్ళకి పై దేశంలో పోటీ, దానికి అతను ఎంపికయ్యాడని. ఇరవై ఏళ్ళుగా రాని కబురు రాక రాక అప్పుడే రావాలా! ఆవిడ మాత్రం ఆ పూట మందు కూడా అడగలేదు. "వెళ్తున్నావు," అంది. అడగలేదు, చెప్పింది. వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆవిడ ఉంటుందో లేదో. వెళ్ళనంటే, ఆవిడ చూడాలనుకున్న ఒక్కటీ జరగకుండానే పోతుంది. నెలరోజులుగా అతని మెడ మీద ఈ రెండే కూర్చుని ఉన్నాయి.

అతను పనిచేసే కొట్టు దగ్గరే. పాతబట్టల దుకాణం దాటి, తాళాలు బాగుచేసే మనిషి బల్ల దాటి, మెట్లెక్కితే దర్జీ కొట్టు. ముందుగదిలో అద్దాలు, పరదాలు, కొలతలు. వెనకగదిలో కిటికీ పక్కన ముక్కాలిపీట. అదే అతని రాజ్యం. పొట్టి మనిషి. కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి, కుడి ముంజెయ్యి కాస్త లావు. చూపుడువేలి కొసన సూది పొడిచి పొడిచి గట్టిపడ్డ చర్మం. పని, కోట్లకి గుండీలు దూర్చే కాజాలు కుట్టడం. మిషను మీద కాజా కుడితే చిటికెలో అయిపోతుంది. అయినా చేత్తో కుట్టిన కాజాయే కావాలనే మారాజులు కొందరు ఇంకా మిగిలే ఉన్నారు, కాబట్టి అతనూ మిగిలాడు. పట్టుదారానికి మైనం పట్టించి, గుడ్డ మీద ఉలితో చిన్న గాటు పెట్టి, దాని అంచు చుట్టూ ముడి పక్కన ముడి, ముడి పక్కన ముడి. దారం లాగినప్పుడల్లా ఒకే బిగువు ఉండాలి. కాజాలు అతను కుడితే, గుండీలు ఇంటి దగ్గర ఆవిడ కుట్టేది. పెళ్ళయిన కొత్తలోనే కుదిరిన ఏర్పాటది.

"ఏం పక్కబోర్డూ, రేపేనా విమానం?" అన్నాడు కటింగ్ మాస్టారు, కత్తెర ఆపకుండానే.

కొట్లో అతన్ని అందరూ పక్కబోర్డనే అంటారు. ఆ పేరు వెనక ఒక కథ ఉంది, అది మాస్టారు వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు, చెప్పినప్పుడల్లా కాస్త పెంచుతాడు. అసలు జరిగిందింతే. కుర్రతనంలో క్లబ్బువాళ్ళకి కోట్లు ఇవ్వడానికి వెళ్ళి, సరదాగా ఒక దెబ్బ కొట్టబోయి, ఆ పిచ్చిలో పడ్డాడు. జీతమూ లేదు, భత్యమూ లేదు. పగలు కాజాలు, సెలవురోజు క్లబ్బు. అలా పాకుతూ పాకుతూ ఒకనాటికి దేశం తరఫున పరాయి దేశం వెళ్ళాడు. చల్లటి పొడుగాటి హాలు. వరసగా బోర్డులు, ప్రతి బోర్డుకీ పైన ఒక అంకె, నడుమ నల్లటి గుండ్రం. ఏ అంకె ఎదుట నిలబడ్డవాడు ఆ బోర్డునే కొట్టాలి. మనవాడు చివరి దెబ్బ దాకా నాలుగో అయిదో స్థానంలో ఉన్నాడు. ఆ దెబ్బకి ముందు చెయ్యి దించి, చెమట తుడుచుకుని, పక్కనున్నవాడివంక చూశాడు. పాలిపోయిన మొహంతో ఓ పెద్దమనిషి, పెదాలు వణుకుతున్నాయి. జాలేసింది. ఆ జాలితోనే చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి పక్కబోర్డు మీదికి పోయింది!

పోనీ ఆ దెబ్బ వంకరగా తగిలిందా అంటే అదీ లేదు. నట్టనడుమ పది. దెబ్బ దెబ్బకీ బోర్డు మీద కొత్త అట్ట పెడతారు. పక్కవాడి అట్ట మీద రెండు చిల్లులున్నాయి, ఒకటి పది, ఒకటి ఎనిమిది. పోటీ పెద్దలొచ్చి, "వీటిలో నీదేది?" అని దుబాసీ చేత అడిగించారు. తెలియదన్నాడు. ఎవరిదేదో తేలకపోతే పెద్ద మార్కు ఆ బోర్డు ఎవరిదో వాడికే ఇవ్వాలట, అది రూలు. పక్కవాడికి పది, మూడో బహుమతి. మనవాడి చివరి దెబ్బకి సున్నా. ఆ పెద్దమనిషి వచ్చి కావలించుకుని తన భాషలో ఏదో అన్నాడు. ఏమన్నాడో భగవంతుడికెరుక.

మాస్టారు కథ అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాతది ఇంట్లో జరిగింది. ఊరొచ్చిన రోజున ఆవిడ గోడ చూపించి, "ఆ చివరి దెబ్బ ఎలా కొట్టావో అలాగే కొట్టు," అంది. కొట్టాడు. టిక్కు వింది. వినగానే, "పది నీదే. నీకు తెలుసు," అంది. అతను నేల చూశాడు. మీట నొక్కిన మరుక్షణమే మణికట్టుకి తెలిసిపోతుంది, తెలియకపోవడమేముంటుంది! ఆ వారమంతా ఆవిడ అతనితో మాట్లాడలేదు. అప్పట్నించీ ఎంత బాగా కొట్టినా తొమ్మిది దాటి మార్కు వెయ్యలేదు. దెబ్బలాడుకున్న రోజుల్లో ఆరు. పుట్టింటికి పంపననంటే నాలుగు. "పదెప్పుడిస్తావే?" అంటే, "నీ పది నువ్వు ఇంటికి తెచ్చుకున్న రోజున," అనేది.

మధ్యాహ్నం అతను సూది మైనపు ముద్దకి గుచ్చి, ముందుగదిలోకి వెళ్ళి క్లబ్బు సెక్రటరీకి ఫోను చేశాడు.

"అయ్యా, నేను రాలేనండి."

అవతల ఆయన ఎగిరిపడ్డాడు. "రేపు ప్రయాణం పెట్టుకుని ఇవాళా చెప్పేది? నీ బదులు ఇంకొకణ్ణి పంపే వ్యవధి కూడా లేదు కదయ్యా! ఆ చోటు ఖాళీగా పోతుంది."

"తప్పేనండి. ఇంట్లో బాగాలేదు."

ఆయన ఇంకాసేపు అరిచి, తర్వాత గొంతు తగ్గించి, "సరేలే, జాగ్రత్తగా చూసుకో," అని పెట్టేశాడు. అతనికి గుండెల మీంచి బరువు దిగినట్టే ఉంది, అక్కడ ఏదో ఖాళీ అయినట్టూ ఉంది. ఈ వయసులో మళ్ళీ పిలుపెక్కడొస్తుంది?

మాస్టారు కత్తెర ఆపేశాడు. "ఇంట్లో చెప్పావా?"

"లేదు. చెబితే లేచొచ్చి కొడుతుంది."

"లేవగలిగితే కొట్టనియ్యరా," అన్నాడు మాస్టారు. అని, తన మాటకి తనే నొచ్చుకుని, గుడ్డవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆ పూట ఎవరూ పక్కబోర్డని పిలవలేదు.

ఇంటికొచ్చేసరికి ఎండ వాలి మంచం మీద పడుతోంది. ఆవిడ దిండ్లకి ఆనుకుని ఉంది. ఒళ్ళో క్లబ్బువాళ్ళ కోటు. దానికి కాజాలన్నీ కిందటి వారమే కుట్టేశాడు. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు. కోటులోకి దూరేవాడు తనే మరి.

"చెబితే వినదు," అంది వదిన. "సూదిలో దారం నన్ను ఎక్కించనివ్వలేదు. అరగంట తంటాలు పడి తనే ఎక్కించుకుంది."

"నువ్వెక్కిస్తే గుడ్డకీ వేలికీ కలిపి కుడతావు. పోయి నీ పొయ్యి చూసుకో," అంది ఆవిడ. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "ఏవయ్యా, నిలబడ్డావేం? కొట్టు. మళ్ళీ వారందాకా వినలేను."

ఆ వారందాకా అన్న మాట అతనికి ముల్లులా దిగింది. పిస్తోలు తీశాడు. అట్ట ఉన్న కళ్ళజోడు పెట్టుకుని, కాళ్ళు ఎడంగా నిలిపి, ఎడమచెయ్యి జేబులో దోపి, కుడిచెయ్యి చాచాడు.

టిక్.

"ఎనిమిది."

టిక్.

"తొమ్మిది. పర్లేదు."

ఎన్నాళ్ళిలా అబద్ధమాడను అనుకున్నాడు. రేపు పొద్దున్న ఏం చెప్పాలి? విమానం ఆగిపోయిందనా? మనసు అటు పోయింది, మణికట్టు కిందికి జారింది, వేలు మాత్రం మీట నొక్కేసింది. టిక్. నిజం గుండయితే ఆరు దాటదు, గుండ్రం దాటి తెల్లకాగితం మీద పడేది.

"పది," అంది ఆవిడ.

అతను చటుక్కున తిరిగాడు. "ఏమన్నావు?"

"పదన్నాను. చెవుడా?"

"ఎక్కడి పదే! చెయ్యి జారింది. ఆరు కూడా కాదది."

"పదే. కాకపోతే నీ బోర్డు మీద కాదు." ఆవిడ గుండీని గుడ్డకి ఆనించి సూది గుచ్చింది. "మళ్ళీ పక్కబోర్డు మీదే కొట్టావు. కదూ?"

అతను పిస్తోలు దించాడు. "వదిన చెప్పిందా?"

"దానికి నువ్వు చెబితే కదా, అది నాకు చెప్పడానికి! పొద్దున నీ టిక్కులో బెదురుంది. ఇప్పుడు లేదు. రేపు ప్రయాణం పెట్టుకున్నవాడి టిక్కులా లేదిది. మానేశావు."

"కోపమొచ్చిందా?"

"రాదూ? అప్పుడేమో ఊరూ పేరూ తెలియనివాడికి ధారపోశావు. ఇప్పుడు నాకు." కాసేపు ఊపిరి కోసం ఆగింది. దారం మెల్లగా పైకి లాగింది. "ఆ పెద్దమనిషీ వద్దనలేదు, నేనూ అననులే. తీసుకుంటున్నా."

అతను దగ్గరికి రాబోయాడు. ఆవిడ వేలెత్తి ఆపింది.

"ఏడవకు, మొహం బాగోదు. ఇంకొక్కటి కొట్టు. నాకోసం కాదు. నీ బోర్డు మీద."

అతను కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చెయ్యి చాచాడు. గొట్టం కొసనున్న చిన్న మొన స్పష్టంగా కనబడాలి, అవతలి గుండ్రం మసకబారాలి. మొదటిసారి నేర్చుకున్న పాఠం అదే. రెండూ ఒకేసారి స్పష్టంగా కనబడవు, ఎవరికీ కనబడవు. సగం ఊపిరి వదిలాడు. మొన నిలిచింది. మీట ఎప్పుడు కదిలిందో వేలికి కూడా తెలియలేదు.

టిక్.

పొట్టిగా, శుభ్రంగా, ఆ చల్లటి హాల్లో వినబడ్డట్టే. మణికట్టుకి తెలిసిపోయింది. దెబ్బ కొట్టాక వెంటనే చెయ్యి దించకూడదు, కాసేపు అలాగే ఉంచాలి. అలాగే ఉంచి, మార్కు కోసం ఎదురుచూశాడు.

మార్కు రాలేదు. బెట్టు చేస్తోందనుకున్నాడు. ఇన్నేళ్ళ పట్టుదల ఒక్కసారిగా వదలాలంటే మాటలా? అతని పెదాల మీదికి నవ్వొచ్చింది.

"ఎంతే?"

కింద వీధిలో ఎవరో షట్టరు దించుతున్నారు. ఆ చప్పుడు పూర్తయ్యేదాకా ఆగాడు.

"పోనీ తొమ్మిదన్నా ఇవ్వవా?"

"ఇచ్చెయ్యవే, పాపం! ఎంతసేపు నిలబెడతావు మనిషిని?" అంటూ వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. చెల్లెలి తల దిండు మీద పక్కకి వాలిపోయి ఉంది.

అతను వెనక్కి తిరగలేదు. చెయ్యి ఇంకా గోడవైపు చాచే ఉంది. అట్ట లేని కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా మొన కదలకుండా చూస్తున్నాడు. వదిన మెల్లగా నడిచి వచ్చి, ఆ చేతి మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడి చెయ్యి దించినట్టు దించింది.

కోటు ఆవిడ ఒళ్ళోనే ఉంది. చివరి గుండీ కుట్టడమైతే అయింది గానీ ముడి పడలేదు. దారం కొసన సూది మంచం అంచున వేలాడుతోంది.