ఆరు తెరల కిటికీ

మా సందులో వాన కబురు చెప్పేది మా ఆవిడ. ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు, ఎలాగో ఆవిడకి వచ్చింది. మా ఇంటి మూడో అంతస్తులో వెనక గదికి పడమటి కిటికీ ఉండేది. దాని పక్కన కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టేది. అక్కణ్ణుంచి చూస్తే అందరి రేకుల కప్పులూ దాటి, ఊరికి అటు చివరి చో లోన్ పేట దాకా ఆకాశమే. వానాకాలం మధ్యాహ్నం అటువైపు నల్లగా గీత పడిందంటే పావుగంటలో మా దగ్గర వాన. ఆవిడ సూది గుడ్డకి గుచ్చి, అన్నం గిన్నె మీది అల్యూమినియం మూత తీసుకుని, ముందు బాల్కనీలోకి వచ్చి గరిటెతో వాయించేది.

కింద వాళ్ళకి ఆకాశం ఎక్కడిది. మా సందులో రెండు మోటారు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఎవరి ఇంట్లోకైనా దూరాలి. తలెత్తితే కరెంటు తీగలు, తీగల మధ్య నీలం ముక్కలు. మబ్బు సరిగ్గా నెత్తి మీదికి వచ్చేదాకా తెలియదు. అందుకని మూత మోగగానే నలభై ఇళ్ళవాళ్ళూ బట్టలు తీసేవాళ్ళు. బియ్యపు అప్పడాలు చేసి అమ్మే ఉత్, అవి ఆరబెట్టిన తడికలు లోపలికి లాక్కునేది. గోడకి అద్దం తగిలించి క్షవరాలు చేసే థో, సగం గొరిగిన తలని అలాగే వదిలేసి తువ్వాళ్ళ కోసం పరిగెత్తేవాడు. ముప్పై ఏళ్ళలో ఆవిడ మూత ఒక్కసారి కూడా అబద్ధం ఆడలేదు.

నేను మా అమ్మకి ఆరోవాణ్ణి. సావ్ అంటే మాలో ఆరు, అందుకని అందరికీ సావ్‌ని. నన్ను చేసుకున్న పాపానికి ఆవిడా సావే అయింది. నన్ను సావన్న అంటారు, ఆవిడని సావక్క అంటారు. కానీ సందులో సావక్క అంటే ఉండే మర్యాద సావన్నకి లేదు. నేను టీవీలు బాగుచేసేవాణ్ణి. టీవీ చెడితేనే గుర్తొస్తాను.

ఇలా ఉండగా వెనకింటి క్వొయ్ తన ఇంటి మీద రెండు అంతస్తులు లేపాడు. వాడి స్థలం, వాడి ఇటుకలు, కాదనడానికి మేమెవరం. గోడ వచ్చి మా కిటికీకి ఆనుకుంది. మధ్యలో అట్టముక్క కూడా దూరదు. మా డాబాకీ అదే గోడ అడ్డం. ఇక ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కడికని ఎక్కి చూస్తుంది? నేను క్వొయ్‌తో మాట్లాడటం మానేశాను. వాడూ నన్ను చూస్తే చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూసేవాడు.

ఆ నెలలోనే రెండుసార్లు సందు మొత్తం తడిసిపోయింది. రెండోసారి థో, తడి తువ్వాళ్ళు పిండుకుంటూ, సావక్క రిటైరైపోయింది, ఇంక మన గొడుగులు మనమే చూసుకోవాలి అన్నాడు. వెటకారంగా కూడా అనలేదు. అదే ఆవిడకి తగిలింది. గోడకేసి కూర్చుని కుట్టేది. కాజాలు వంకరపోయాయి. దర్జీ ఒక కట్ట వెనక్కి పంపాడు. నలభై ఏళ్ళలో ఆవిడ కుట్టింది వెనక్కి రావడం అదే మొదలు.

అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. సందు మొదట్లో నెట్ సెంటర్ మూసేశారు. వాళ్ళ తెరలు నేనే ఎన్నోసార్లు బాగుచేశాను. అడిగితే ఆరు ఇచ్చారు. పాత కిటికీ చెక్క చట్రంలో పైన మూడు, కింద మూడు బిగించాను. తెరకీ తెరకీ మధ్య నల్లటి అంచులు ఉంటాయి కదా, వాటి మీద సన్నటి కర్ర బద్దలు కొట్టేసరికి అచ్చం కిటికీ గడుల్లా కుదిరాయి. పాత తలుపు రెక్కలు తీయలేదు, గొళ్ళెం కూడా అలాగే ఉంచాను. తెరలు వేడెక్కి గది పొయ్యిలా అయితే వెనకాల చిన్న ఫ్యాను పెట్టాను. గాలి కూడా వచ్చింది, కాస్త కాలిన వైరు వాసనతో.

మా మనవరాలు హన్ కంప్యూటర్ల షాపులో పనిచేస్తుంది. బొమ్మని ఆరు ముక్కలు చేసి ఒక్కో తెరకి ఒక్కో ముక్క పంపింది. మొదట సముద్రం పెట్టింది. కింద కుడి తెరని నేను తలకిందులుగా బిగించానని అప్పుడు తెలిసింది. కొంగ ఒకటి తిన్నగా ఎగురుకుంటూ వచ్చి, ఆ మూలకి రాగానే వెల్లకిలా ఈదుకుంటూ పోయింది. అది సరిచేశాక ఆవిడని పిలిచాను.

ఆవిడ చాలాసేపు చూసింది. "బాగానే ఉంది కానీ, ఈ సముద్రంలో ఎవరి బట్టలు ఆరేశారయ్యా?" అంది. వెళ్ళి గోడకేసి కూర్చుంది.

అప్పుడు హన్‌కి గుర్తొచ్చింది. నిరుడు అదే కిటికీలో ఫోను నిలబెట్టి, మబ్బులు ఎలా కదులుతాయో చూద్దామని మూడు గంటలసేపు వీడియో తీసి పెట్టుకుందట. అది వేసేసరికి, అబ్బ, మా కిటికీ తిరిగొచ్చింది. అవే రేకుల కప్పులు, అవే నీళ్ళ ట్యాంకులు, దూరంగా చో లోన్. నేను మొదటి పది నిమిషాలు చూసి, చాలనుకున్నాను. అదే నేను చేసిన తప్పు. ఇంకో తప్పు కూడా చేశాను. ఇది నిజంగా బయటిదేనా అని ఆవిడ అడిగితే, గోడ పైకి కెమెరా ఎక్కించానే, ఇప్పటిదే అన్నాను. ఆవిడ మొహం అలా విప్పారి ఉంటే నిరుటిదని చెప్పడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం పన్నెండుకి వేశాం. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాజాలు చకచకా పడుతున్నాయి. నేను కింద కునుకు తీస్తున్నాను. రెండు దాటాక మూత మోగింది.

బయటికి వచ్చి చూస్తే ఎండ కళ్ళు పొడుస్తోంది. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఎవరూ పైకి చూడలేదు. బట్టలు లోపలికి పోయాయి, చాపలు పోయాయి, థో గిరాకీని అలాగే సబ్బు నురగతో నిలబెట్టి తువ్వాళ్ళు లాగేశాడు. ఉత్ పచ్చిగా ఉన్న అప్పడాలని ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టి లోపలికి మోసింది. అందరూ గుమ్మాల్లో నిలబడ్డారు. పావుగంట అయింది. అరగంట అయింది. ఒక్క చినుకు లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు, ఇక ఆ నవ్వు సందు చివరిదాకా పాకింది. నవ్వనిది ఉత్ ఒక్కతే. పచ్చి అప్పడాలు దొంతర పెడితే అతుక్కుపోతాయి. రెండు రోజుల పని ముద్దయిపోయింది.

నేను పైకి వెళ్ళేసరికి ఆవిడ కిటికీ ముందు నిలబడి ఉంది. తెరల మీద వాన దంచికొడుతోంది. ఆవిడ వేలు ఎడమ తెర మీద ఉంది. అక్కడ మా కిటికీ బయటి తీగ మీద ఎర్ర జాకెట్టు ఒకటి తడుస్తోంది.

"ఈ జాకెట్టుని నేను కొత్త సంవత్సరం టెట్ పండక్కి చింపి మసిగుడ్డలు చేశాను. ఇక్కడెలా తడుస్తోంది?"

నేను తెరల వెనక ఫ్యాను సవరిస్తున్నట్టు వంగాను.

"గోడ కట్టినవాడు నా కళ్ళకే అడ్డం పెట్టాడు. నువ్వు నా మాటే తీసేశావు" అంది.

తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కావలసినవి హన్‌కి చెప్పేది, హన్ నాకు చెప్పేది, నేను పక్కనే ఉండేవాణ్ణి. సందులో వాళ్ళకి తెరల కిటికీ సంగతి తెలిసిపోయింది, ఇక వాళ్ళకి పండగ. మిట్ట మధ్యాహ్నం ఎవరో ఒకరు గిన్నె మీద కొట్టేవారు. ఈ రోజు మంచు పడుతుందా సావక్కా అని థో కింద నుంచి అడిగేవాడు. ఆవిడ బాల్కనీ తలుపు మూసేసింది. అన్నం గిన్నె మీద మూత మానేసి పళ్ళెం బోర్లించడం మొదలెట్టింది. ఆ పళ్ళెం చూశాక నాకు అన్నం సహించలేదు.

నాలుగో రోజు పంపరపనస పండు ఒకటి కొని క్వొయ్ ఇంటికి వెళ్ళాను. వాడు తలుపు తీసి నన్నూ, పండునీ, నా భుజానికున్న వైరు చుట్టనీ చూశాడు. గోడ పగలగొట్టమని అడగడానికి వచ్చాననుకున్నాడట. మొహం పాలిపోయింది. టీ పోశాడు. రెండు కప్పులు తాగేదాకా ఇద్దరం పండు గురించే మాట్లాడుకున్నాం. ఎక్కడిది, ఎంత బరువు అని.

ఆఖరికి అడిగాను. "నీ డాబా మీద చిన్న కెమెరా పెట్టుకోనియ్యి తమ్ముడూ. గుమ్మాలకి పెట్టే రకమే. పడమటికి చూస్తూ ఉంటుంది, అంతే."

వాడు కప్పు కింద పెట్టాడు. గోడ లేపిన రోజు నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదని, ఇదేదో ముందే అడిగి ఉంటే పోయేది కదా అని గొణిగాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కానీ సావన్నా, పొద్దున ఆరింటికి నేను డాబా మీద కసరత్తు చేస్తాను. నిక్కరుతో. ఆ ఒక్క గంటా అది కట్టెయ్యాలి" అన్నాడు.

కట్టేస్తానని మాటిచ్చాను. మొదటి రోజే మరిచిపోయాను. మరిచిపోయాననే చెప్పుకుంటాను.

ఆ పొద్దున ఆవిడ గదిలోకి వచ్చేసరికి ఆరు తెరల నిండా క్వొయ్. నీలం చారల నిక్కరు, చేతులు కొంగ రెక్కల్లా ఆడిస్తూ, ఒంటికాలి మీద నిలబడబోయి తూలి, నీళ్ళ ట్యాంకుని పట్టుకున్నాడు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమో అనుకున్నాను.

"ఇది నిరుటిది కాదు. నిరుడు వాడికి ఇంత పొట్ట లేదు" అంది.

నాలుగు రోజుల్లో నాతో అదే మొదటి మాట. నేను ఆవిడకి తనివి తీరేదాకా క్వొయ్‌ని చూడనిచ్చి, తర్వాతే కెమెరా కట్టేశాను.

ఆ మధ్యాహ్నం ఎండ మరీ తెల్లగా ఉంది. రెండున్నరకి ఆవిడ కుట్టు ఆపింది. కిటికీలో చో లోన్ పైన గీత పడింది. గీత పట్టీ అయింది, పట్టీ దుప్పటి అయింది. ఆవిడ చూస్తూనే ఉంది, లేవలేదు. ఎర్ర జాకెట్టు ఎక్కడైనా ఉందేమోనని ఒక్కో తెరా వెతికింది. లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి మూతా గరిటే తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఆవిడ వాటిని ఎవరివో అన్నట్టు చూసింది. తర్వాత లేచింది.

బాల్కనీ తలుపు తీసి వాయించింది. కింద ఒక్క తీగ కదల్లేదు. థో కత్తెర ఆపకుండానే, టీవీలో ఏ ఊళ్ళో పడుతోంది సావక్కా అన్నాడు. కుర్చీలో ఉన్నవాడు నవ్వితే, కదలకు చెవి పోతుంది అన్నాడు. ఆవిడ మళ్ళీ వాయించింది. మూడోసారి ఎత్తిన గరిటె అలాగే దింపేసింది.

అప్పుడు ఉత్ తడికల మధ్య నుంచి బయటికి వచ్చింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. పోయిన వారం ముద్దయిన అప్పడాలు బాతులకి వేసిన మనిషి.

"అక్కా, ఒక్క మాట చెప్పు. పెట్టెలో వానా, నిజం వానా?"

ఆవిడ రెయిలింగ్ పట్టుకుంది. "నిజం వాన. కాకపోతే నీ అప్పడాలన్నీ ఈ రోజు నుంచి నేనే ఒత్తుతాను."

"నువ్వు ఒత్తితే ఎవరు తింటారు?" అంది ఉత్. కానీ వంగి మొదటి తడిక ఎత్తింది. రెండోది ఎత్తింది. పచ్చివి దొంతర పెట్టకుండా ఒక్కొక్కటే లోపలికి మోసి గోడకి ఆనించడం మొదలెట్టింది. అది చూసి ఎదురింటావిడ దుప్పటి తీసింది. పక్కింటావిడ, తీస్తే పోయేదేముంది అని చొక్కాలు లాగింది. ఒకరిని చూసి ఒకరు, సందులో సగం తీగలు ఖాళీ అయ్యాయి. మిగిలిన సగం చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడింది.

ఆ నవ్వు మీదే పడింది. చినుకులు లేవు, ఏమీ లేవు, ఒక్కసారిగా బిందెతో కుమ్మరించినట్టే. ఉత్ ఆఖరి తడికతో గుమ్మం దాటింది. థో తువ్వాళ్ళు ఏడూ తీగ మీదే ఉండిపోయాయి. కుర్చీలో వాడు మెడకి గుడ్డతోనే ఇంట్లోకి పారిపోతే, థో వానలో నిలబడి పైకి చూశాడు. రెండు చేతులూ జోడించాడంతే. ఆవిడ మూత ఒక్కసారి, టంగుమని కొట్టింది.

లోపలికి వచ్చేసరికి కిటికీ నిండా వాన. కెమెరా అద్దం మీద చుక్కలు జారుతుంటే అన్నీ కరిగిపోయినట్టు కనిపిస్తున్నాయి. క్వొయ్ తన ఎండుచేపల పళ్ళెం నెత్తిన పెట్టుకుని తెరకి అడ్డంగా పరిగెత్తాడు. ఆవిడ గబగబా వెళ్ళి, కుట్టిన చొక్కాల కట్టని కిటికీ దగ్గర నుంచి దూరంగా జరిపింది. తడుస్తాయట. తర్వాత పాత తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగింది.

"చూస్తావేం, జల్లు కొడుతోంది" అంది.

నేను వెళ్ళి గొళ్ళెం పెట్టాను.