చక్రం కనిపించే మైదానం

నేను రాబర్ట్‌సన్‌పేట బజారులో అంగడి తెరిచేటప్పటికి నా చేతిలో ఉన్నవి మూడు షామియానాలు, ఒక తోపుడు బండి, కొన్ని మడత కుర్చీలు, ఒక లారీకి సరిపడా వెదురు. మా ఊరు నంగలి. నాయన అక్కడ చింతపండు వ్యాపారం చేసేవాడు. నాకు అది గిట్టక, పెళ్ళిళ్ళకూ చావులకూ పందిళ్ళు వేసే పని పట్టుకుని బంగారు గనుల ఊరికి వచ్చాను. గనులు అప్పటికే తెల్లదొరల చేతిలోంచి సర్కారు చేతికి వచ్చాయి. కొత్త ఆఫీసర్లు, కొత్త యూనియన్లు, రోజుకొక మీటింగు. మీటింగు ఉన్నచోట కుర్చీలు కావాలి, నీడ కావాలి. నా అంగడి తొందరగానే నిలదొక్కుకుంది.

కుర్చీలు అక్కర్లేని జనం ఆ ఊళ్ళో ఒక్కచోటే కనపడ్డారు. ఫుట్‌బాల్ దగ్గర.

గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం రాబట్టుకున్నాక మిగిలిన బూడిదరంగు మట్టిని ఏళ్ళ తరబడి ఒకచోట పోస్తూ వచ్చారు. అది పెరిగి కొండంత అయింది. సైనైడు దిబ్బ అంటారు. దాని కింద చదునైన నేల ఒకటి ఉంది. ఫుట్‌బాల్ మైదానం అదే. జనం దిబ్బ వాలు మీద కూర్చుని చూసేవారు. మైదానానికి అవతల, దిబ్బకు సరిగ్గా ఎదురుగా, గని శాఫ్టు, కూలీలు దిగే నిలువు బావి. దాని మీద ఇనుప గోపురం, గోపురం నెత్తిన పెద్ద చక్రం. కూలీలనూ రాయినీ మోసే లిఫ్టు లోపలికి దిగినా పైకి వచ్చినా ఆ చక్రం తిరుగుతుంది, షిఫ్టు నడిచినంతసేపూ ఆగదు.

నేను దాన్ని వ్యాపారి కంటితో చూశాను. నీడ లేదు. తాగడానికి నీళ్ళు లేవు. గాలి తోలిందంటే దిబ్బ మట్టి కళ్ళలో, నోట్లో పడుతుంది. ఆట అయ్యాక లేచిన మనిషి పిండిమిల్లులోంచి వచ్చినవాడిలా ఉంటాడు. షామియానా గుడ్డ కొనడానికి బెంగుళూరు పోయినప్పుడు అక్కడి స్టేడియంలో ఒక మ్యాచి చూసి ఉన్నాను. సిమెంటు మెట్లు, నెత్తిన రేకు, చుట్టూ గోడ. మద్రాసులో ఇంకొకటి చూశాను. అక్కడ స్తంభం అడ్డం వచ్చి ఒకవైపు గోలు కనపడలేదు గాని, కూర్చోవడానికి బల్ల ఉంది. వాటి పక్కన పెడితే మా దిబ్బ మైదానమంత అన్యాయమైన చోటు ఇంకెక్కడా లేదనుకున్నాను. అలా అనుకోవడంలో నా కుర్చీల లాభం కూడా ఉంది. అది అప్పుడు నాకు తెలియనిదేమీ కాదు.

నా దగ్గర పందిరి గుంజలు పాతే పని మారప్ప చేసేవాడు. ముప్పై ఏళ్ళు గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, దగ్గు పట్టుకున్నాక బయటికి వచ్చినవాడు. అతని కొడుకు చిన్నన్న ఇప్పుడు అదే శాఫ్టులో దిగుతున్నాడు. మారప్పకు తాగుడు లేదు, చీట్లపేక లేదు. ఫుట్‌బాల్ ఒక్కటే. మ్యాచి ఉన్న సాయంత్రం అతను పని చేయడు. దిబ్బ మీద సగం ఎత్తున అతనికి ఒక చోటు ఉంది. మడమలు ఆనించడానికి రెండు గుంటలు తానే తవ్వుకున్నాడు. ఎవరైనా ఆ చోట కూర్చుంటే, ఏమీ అనకుండా వాళ్ళ వెనక నిలబడి దగ్గేవాడు. వాళ్ళే లేచిపోయేవారు.

ఆ ఏడు టోర్నమెంటుకు బెంగుళూరు టీమును పిలవాలని కమిటీ అనుకుంది. పిలవాలంటే టిక్కెట్టు పెట్టాలి. దిబ్బకు టిక్కెట్టు పెట్టడం ఎవరి తరం? కమిటీ సెక్రటరీ శ్రీనివాసమూర్తి ఆ చిక్కుతో నా అంగడికి వచ్చాడు. గని ఆఫీసులో గుమాస్తా, మర్యాదస్థుడు. బజారు వెనక ఉన్న ఖాళీ స్థలం చూపించాను. చుట్టూ వెదురు తట్టి, తడికల గోడ, కడతానన్నాను. ఇక్కడ గని కూలీల ఇళ్ళ గోడలే వెదురు తట్టి, కాబట్టి కట్టేవాళ్ళకు కొరత లేదు. రెండు వైపులా మెట్లుగా బల్లలు, పైన షామియానా, నీళ్ళ కుండలు. ఫైనల్ ఒక్కటి అక్కడ ఆడిద్దామన్నాను. మూర్తి ముఖం వెలిగింది.

మారప్ప గుంజలు పాతుతూనే సణిగాడు.

"అంతా బాగుండాది సెట్టీ. ఇక్కడినుంచి చక్రం యాడ కనపడుతుంది?"

"ఆట చూసేదానికి వస్తావా మారప్పన్నా, చక్రం చూసేదానికా?" అన్నాను.

పనివాళ్ళు నవ్వారు. అతను కూడా నవ్వాడు. తట్టి ఇంకొక మూర పైకి కట్టించాను, చెట్లెక్కి ఊరికే చూసేవాళ్ళు ఎక్కువని. రెండు దారులు వదిలితే ఒకటి టిక్కెట్టు లేకుండా దూరేవాళ్ళదే అవుతుందని చెప్పి రెండోది మూసేయమన్నాను. మారప్పే మూశాడు. అతని ముడి ఏనుగు లాగినా ఊడదు.

ఫైనల్ రోజు నా మైదానం నిండిపోయింది. ఆఫీసర్ల భార్యలు వచ్చారు. దిబ్బ మీద ఎన్నడూ కనపడని బజారు సెట్టీలు వచ్చారు. ఎవరి చొక్కా మీదా దుమ్ము లేదు. మారప్పను నేనే పిలిచి రెండో వరసలో కూర్చోబెట్టాను. బల్ల మీద కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతను కాసేపు ఇబ్బంది పడ్డాడు. చిన్నన్న ఆ పూట రెండో షిఫ్టులో, గని లోపల ఉన్నాడు.

ఆట సగం దాటింది. అప్పుడు నేల అదిరింది.

ఇక్కడ నేల అదరడం కొత్త కాదు. గని లోతుల్లో రాయి ఒత్తిడికి పేలుతుంది. పైన గిన్నెలు గలగలమంటాయి, గోడ బీటలిస్తుంది. అది ఎంతటిదో, ఎక్కడిదో పైవాళ్ళకు తెలియదు. తట్టి లోపల ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ ఒక్కసారే లేచారు. లేచి ఒకే దిక్కుకు తలలు తిప్పారు. శాఫ్టు దిక్కుకు. అక్కడ నేను కట్టించిన తట్టి ఉంది, దాని పైన నా షామియానా అంచు ఉంది.

దిబ్బ మీద ఉండగా నేల అదిరితే ఏం చేసేవాళ్ళో నేను చాలాసార్లు చూశాను, చూసీ పట్టించుకోలేదు. ఒక్కడూ పరిగెత్తేవాడు కాదు. అందరూ మాట ఆపి చక్రం వైపు చూసేవాళ్ళు. ఎప్పటిలా తిరుగుతూ ఉంటే లోపల అంతా బాగున్నట్టేనని కూర్చునేవాళ్ళు. ఆటగాళ్ళు కూడా బంతి కాలి కింద పెట్టుకుని చూసి, మళ్ళీ తన్నేవాళ్ళు. చక్రం ఆగితేనే పరుగు.

తట్టి లోపల ఆ సమాధానం చెప్పేదేదీ లేదు. గనిలో మొగుడున్నవాళ్ళు, కొడుకున్నవాళ్ళు, తమ్ముడున్నవాళ్ళు, అందరూ ఉన్న ఒక్క దారికి వచ్చి పడ్డారు. నేను దారి పక్కనే టిక్కెట్ల బల్ల దగ్గర ఉన్నాను. బల్ల ఎత్తి అవతలికి విసిరేయడం తప్ప నాకేమీ చేతకాలేదు. కొందరు మూసేసిన రెండో దారి దగ్గర తట్టిని పీకుతున్నారు. మారప్ప ముడి ఊడలేదు. చివరికి ఎవరో కొడవలి తెచ్చి కోశారు.

జనం పలచబడ్డాక చూస్తే, గుంజ మొదట్లో మారప్ప పడి ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది. మరి కొందరికి చేతులు గీరుకుపోయాయి, ఒక ఆడమనిషికి పన్ను ఊడింది. అంతే. గనిలో ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. చక్రం ఒక్క నిమిషం కూడా ఆగలేదట. చిన్నన్న షిఫ్టు ముగించుకుని, ఎప్పటిలాగే లిఫ్టులో పైకి వచ్చి, తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడని విన్నాడు.

కమిటీ మీటింగు పెట్టింది. ప్రకృతి వైపరీత్యం వల్ల కలిగిన ప్రమాదమని తీర్మానించింది. తప్పును భూమి మీదికి తోశారు. మీటింగుకు కుర్చీలు నావే. వెనక వరసలో కూర్చుని నేను నోరు మెదపలేదు.

మారప్ప ఇంటికి పండ్లు తీసుకుని పోయేవాణ్ణి. అతను నన్ను చూస్తే ఆట గురించే ఎత్తేవాడు. ఆగిపోయిన మ్యాచి మళ్ళీ ఆడించారా, కప్పు ఎవరికిచ్చారు. గేటు మాట నేను ఒకసారి ఎత్తబోతే, "దారి మూసింది నేను గదా," అన్నాడు. నాకు అదే ఎక్కువ బరువైంది. మూయమన్నది ఎవరో అతనికి గుర్తు లేక కాదు.

అతని భార్య పిల్లమ్మ మాత్రం మర్యాదకు పోలేదు. సంచిలోంచి అరటిపండ్లు తీసి పక్కన పెడుతూ, "కుర్చీలు బాడుగకిస్తావు. ఇంగ కాళ్ళు కూడా ఇస్తావా సెట్టీ?" అంది.

చిన్నన్న తల్లిని కసిరాడు. నేను లేచి వచ్చేశాను. దారిలో తట్టి ఇళ్ళ మధ్య నడుస్తుంటే ప్రతి తట్టీ నాదే అనిపించింది.

మరుసటి ఏడు మళ్ళీ టోర్నమెంటు వచ్చింది. మారప్ప మంచం దిగి, చంకలో కర్ర పెట్టుకుని గుమ్మం దాకా రాగలుగుతున్నాడు. ఫైనల్ చూడాలని ఒకటే పోరు. శ్రీనివాసమూర్తి నా దగ్గరికి వచ్చి, పోయినసారి ఏర్పాటు అందరికీ నచ్చిందనీ, ఈసారి రెండు గేట్లు పెట్టి అక్కడే జరుపుదామనీ, మారప్పకు ముందు వరసలో చేతుల కుర్చీ వేద్దామనీ చెప్పాడు. అది వినడానికి బాగుంది. నా తప్పు కూడా సర్దుకున్నట్టు ఉంటుంది. ఆ సంగతి చెప్పడానికి సంతోషంగానే మారప్ప దగ్గరికి పోయాను.

అతను విని, కర్ర పిడి తడుముతూ అన్నాడు.

"చిన్నన్న ఆ పొద్దు లోపలే ఉంటాడు సెట్టీ. నేల అదిరితే పోయినసారి లేచి పరిగెత్తినాను. ఇంగ పరిగెత్తలేను. చక్రమూ కనపడక, కాళ్ళూ ఆడక, ఆ కుర్చీలో యెట్ల కూర్చునేది?"

 గేట్లు పది పెట్టినా ఆ కుర్చీలోంచి చక్రం కనపడదు.

మీటింగు రోజు ఈసారి ముందు వరసలో నిలబడ్డాను. నా తట్టి ఇవ్వనని చెప్పాను. బంగారుపేటలో ఇంకొకడు ఇస్తాడని ఎవరో అన్నారు. ఇస్తాడు, కానీ దారి మూసింది నేను, చక్రాన్ని మూసింది కూడా నేనే, భూమి కాదు, అని చెప్పాను. చక్రం సంగతి వివరిస్తే ఆఫీసర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు ఎప్పుడూ మైదానం పక్కన కుర్చీల్లో, శాఫ్టుకు వీపు పెట్టి కూర్చునేవాళ్ళు. దిబ్బ మీదివాళ్ళు ఎటు చూస్తారో వాళ్ళకేం తెలుసు. గోడ పక్కన నిలబడ్డ కూలీలు మాత్రం నా వైపు, ఇంత ఆలస్యంగా తెలిసిందా అన్నట్టు చూశారు. శ్రీనివాసమూర్తికి కోపం వచ్చింది. "ఇది పోయిన సంవత్సరం చెప్పుంటే బాగుండేది," అని మెల్లిగా అన్నాడు. నిజమే. ఫైనల్ దిబ్బ మైదానానికి మారింది. బెంగుళూరు టీము రాలేదు.

ఫైనల్ సాయంత్రం మారప్పను నా తోపుడు బండి మీద, పరుపు వేసి, నేనే తోసుకుంటూ పోయాను. దిబ్బ అంచు దాకా బండి వచ్చింది. వాలు మొదలవగానే మెత్తటి మట్టిలో చక్రాలు దిగబడిపోయాయి. నలుగురు వచ్చి అతన్ని ఒక మడత కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. పది అడుగులు ఎక్కారో లేదో, మారప్ప నొప్పికి పళ్ళు బిగించి, దించండప్పా అన్నాడు. దించారు. పైన, సగం ఎత్తున, మడమల గుంటలు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఆ చోట ఎవరూ కూర్చోలేదు.

మళ్ళీ కిందికి తెచ్చి బండి మీదే కూర్చోబెట్టాం. ఆట మొదలయ్యాక ముందున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. బండి మీదినుంచి అతనికి వీపులు తప్ప ఏమీ కనపడలేదు. వీపుల పైన, దూరంగా, చక్రం మాత్రం పూర్తిగా కనపడుతోంది.

"ఎవరి దగ్గరుండాది బంతి?" అని అడిగాడు.

నేను బండి చట్రం మీద ఎక్కి నిలబడ్డాను. ఫుట్‌బాల్ నాకు తెలియదు. అన్నేళ్ళూ చుట్టూ ఉన్న జనాన్నే చూశాను గాని ఆట చూడలేదు. పచ్చ చొక్కావాడి దగ్గర ఉంది, వాడు కుడివైపు తన్నాడు, అవతలివాడు ఆపాడు, అని చెబుతూ పోయాను. పేర్లు చెప్పమంటే తెలియక తడబడ్డాను. అతను విసుక్కుని, పొట్టివాడా, జుట్టువాడా అని అడిగి, తానే పేర్లు పెట్టుకున్నాడు. గోలు పడినప్పుడు జనం అరుపును బట్టి నాకంటే ముందు అతనికే తెలిసింది. దుమ్ము లేచి ఇద్దరి నోట్లో పడింది. అతను దగ్గాడు. మధ్య మధ్యలో, నేను అడగకుండానే, "తిరుగుతా ఉండాది," అని చెప్పాడు.

లెక్క తేల్చుకుంటే ఇంతే. నా షామియానాలు నాకున్నాయి, ఇప్పుడు ఏడు. వెదురంతా ఊళ్ళో ఇళ్ళ కప్పులకు పోయింది. బెంగుళూరు, మద్రాసు, మా దిబ్బ, మూడింటిలో చూసేవాళ్ళకు ఏది మంచిదో ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. జనానికి వాళ్ళ చోటు తిరిగి దక్కింది. ఆ చోటును అందరికంటే బాగా ఎరిగినవాడు మాత్రం కింద, వీపుల వెనక మిగిలాడు. ప్రతి మ్యాచికీ బండి నేనే తోస్తున్నాను. పోయిన ఆదివారం నేను పచ్చ చొక్కావాణ్ణి పేరుతో చెప్పాను. మారప్ప అది తప్పని, వాడు ఎడమకాలివాడని, సరిగ్గా చూడమని చెప్పాడు.