ఉప్పు గూడు

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, ఒక పాత మేడ కింది భాగంలో, దుర్గమ్మగారి వంటింటి పరిపాలన ఆమె మరణంతో ముగిసిందని ఇరుగుపొరుగు నమ్మారు. కోడలు నర్మద మాత్రం నమ్మలేదు. సంవత్సరీకాలు వెళ్లిపోయినా కుక్కర్ మూత తీసేటప్పుడు ఆమె భుజాలు తమంతట తామే ముడుచుకునేవి. వెనక ఎవరో నిలబడి వాసన చూస్తున్నట్టుండేది.

ఆ అత్తాకోడళ్లు ఏనాడూ పోట్లాడుకోలేదు. ఈ కీర్తి నారాయణగూడ దాకా వ్యాపించింది. దానికి ఆధారం పొయ్యి పక్క గోడలో ఉన్న చిన్న గూడు. ఉప్పు చేతి నుంచి చేతికి అందుకుంటే తగవులు వస్తాయి గనుక దుర్గమ్మగారు జాడీని గూట్లో పెట్టేవారు; నర్మద అక్కణ్ణించి తీసుకునేది. రెండు రాజ్యాల రాయబారులు సరిహద్దు రాయి దగ్గర కానుకలు మార్చుకున్నంత మర్యాద! అయితే నర్మద చేసిన పప్పు తిన్న ప్రతిసారీ దుర్గమ్మగారు మాటైనా అనకుండా జాడీ దించి, రెండు ఉప్పు పలుకులు కలుపుకుని, మూత పెట్టేవారు. పింగాణీ మీద పింగాణీ, టక్కుమని. అంతే తీర్పు. అప్పీలు లేదు.

అందుకే నర్మద కొత్త వంటిల్లు కోరింది. తన ఒక్కదాని ఏలుబడిలో ఉండేది.

భర్త రామచంద్రరావు పదవీ విరమణ తరవాత ఆజ్ఞాపించడానికి ఎవరూ దొరక్క కృశిస్తున్నవాడు. ఆయనకిది దిగ్విజయయాత్రలా తోచింది. హిమాయత్‌నగర్ షోరూంలో తరుణ్ అనే కుర్రవాడు కంప్యూటర్ తెర మీద వంటిల్లు చూపించి, సొరుగులు ఎంత విసురుగా తోసినా చప్పుడు కావని హామీ ఇచ్చాడు. నర్మద పెట్టిన షరతు ఒక్కటే. గూడు ఉండకూడదు.

“అమ్మ గూడు గదా, నర్మదా. జర ఉండనియ్యరాదు?”

“అందుకే వద్దంటున్న.”

పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ బుగ్గయ్య పాత వంటగట్టు పగలగొట్టాడు, గూటిని ఇటుకలతో పూడ్చాడు. ఇంట్లో వంట ఆగింది గనుక రావుగారు అశోక్‌నగర్ మెస్సు ముందు పరీక్షార్థుల వరసలో నిలబడి, సాంబారు పొట్లాలను విజయచిహ్నాల్లా మోసుకొచ్చేవాడు. జాడీని నర్మద తన చేతులతోనే కాగితంలో చుట్టి, అటక మీద పెట్టెలో దాచింది.

మర్నాడు బుగ్గయ్య విసుక్కున్నాడు. “పని కాడ జాడీ వెడ్తిరేందమ్మా? పలిగితె నన్నే అంటరు.”

పూడ్చిన గూటికి సూటిగా కింద, ఇటుకల మీద, జాడీ ఉంది. చుట్టిన కాగితం లేదు. సిమెంటు దుమ్ము ఇల్లంతా పేరుకుంది గాని దాని మూత మీద రేణువైనా లేదు. భర్తను నిలదీస్తే తాను ముట్టలేదని అమ్మ మీద ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టుతో నర్మదకు ఉన్న ధైర్యం కూడా పోయింది. జాడీని మళ్లీ అటక ఎక్కించింది.

గ్రానైటు పరిచారు, అలమరలు బిగించారు. మంచిరోజు చూసి పాలు పొంగించారు. బర్కత్‌పుర బంధువులు మెచ్చుకుని, తిని, వెళ్లిపోయారు. మరునాటి మధ్యాహ్నం రావుగారు ముందుగదిలో కునుకు తీస్తుండగా, నర్మద తన రాజ్యంలో మొదటిసారి ఒంటరిగా పప్పు వండింది.

ఉప్పుకోసం సొరుగు లాగింది. కొత్త స్టీలు డబ్బా లేదు. రెండోది లాగింది, మూడోది లాగింది. సొరుగులన్నీ నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. అప్పుడు వెనక టక్కుమంది.

గ్రానైటు మీద, గూడు ఉండిన చోటికి ఆనుకుని, జాడీ.

నర్మద అరవలేదు. గూడు పోయినా ఆ పాడు మర్యాద పోలేదని, పోట్లాట జరగనిదే అది పోదని ఆమెకు తెలిసింది. జాడీని ముట్టకుండా పొయ్యివైపు తిరిగి, అరచెయ్యి వెనక్కి చాపింది.

“చేతిల వెయ్యండి, అత్తమ్మా.”

పప్పు కుతకుతలాడుతోంది.

“కొట్లాటయితదని భయమా? కానియ్యండి. గిన్నేండ్లు ఒక్క మాటన్న అన్నరా? నా పప్పుల ఏం తక్కువున్నదో నోటితోని చెప్పండి.”

 వెనక మూత లేచిన చప్పుడు. ఆమె అరచేతిలో దొడ్డుప్పు పలుకులు పడ్డాయి, చల్లగా. వాటి మీద వేళ్లు, ఇంకా చల్లగా.

“ఉప్పు ఎన్నడు తక్కువ గాలె,” అంది చెవి పక్కన పాత గొంతు. “నీ పప్పుల పులుపు చాలదు. చింతపండు పిసుకుడుల పిసినారితనం. గందుకే ఉప్పేసుకున్న.”

నర్మద పిడికిలి బిగించింది. ఇన్నేళ్లు ఉప్పే పెంచుతూ వచ్చింది తను!  కొంగు నడుముకు దోపి, గుప్పెట్లోది పప్పులో వేసి, వెనక్కి తిరిగింది.

“ఇది నా వంటిల్లు, అత్తమ్మా. పులుపు గింతే ఉంటది.”

ఎదురుగా ఎవరూ లేరు. చప్పుడు కావని తరుణ్ హామీ ఇచ్చిన సొరుగులన్నీ ఒక్కసారిగా దడేలున మూసుకున్నాయి.