దుబ్బు మొదట్లో దోమ

భద్రయ్య వరి దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటికి జానెడు పైన చూశాడు. కాండాలకు సుడిదోమ గోధుమరంగు దుమ్ములా పట్టి ఉంది. వేలు తగిలితే పక్కకు జరిగి కాండం చాటుకు పోతోంది. పాలకుర్తి దగ్గరి ఈ ఎకరన్నర మడి నెల తిరక్కుండా కోతకు రావాలి. నడుమ మూడు చోట్ల గుండ్రంగా, మంట సోకినట్టు ఎండిపోయింది.

"రేపటిదాక ఆగుతదానే, అన్నా? ఇయ్యాల గాలి జోరుగున్నది," అంది గట్టు మీద నిలబడ్డ విజయ. మడి ఆమెది.

"ఆగదు, చెల్లె."

ఇరవై ఏళ్లుగా పురుగుమందు కొట్టడమే అతని కూలి. పంపు పట్టీలు భుజాల మీద రెండు నల్లటి చారలు పెట్టాయి. గోళ్లు పసుపుబారాయి. కుడికన్ను ఎప్పుడూ కారుతుంటుంది.

మందు కలుపుతూ అన్నాడు. "మా భూపాలపల్లి అడవిల గూడ గిట్లనే రసం తాగే పురుగుండేది. మోదుగు కొమ్మకు పట్టేది. పట్టిన కాడ్నే ఉండేది, కదలకపోయేది. దాని ఒంట్లకెల్లి లక్క కారి కొమ్మంత గడ్డకట్టేది. మా బాపు గీకి అంగట్ల అమ్మెటోడు."

"చెట్టు సావకపోయేదా?"

"కొమ్మలు ఎండేటియి. ఒక్క ఏడు ఇడిసిపెడితే మల్ల చిగురేసేది. గీ దోమ గట్ల కాదు. తాగుడే గని ఇచ్చుడు లేదు. ఎండబెట్టి ఇంకో మడికి పోతది."

"రెండూ కడుపుకే గదనే తాగేది," అంది విజయ.

భద్రయ్య నవ్వి పంపు వీపుకెత్తుకున్నాడు.

దోమ దుబ్బు మొదట్లో ఉంటుంది కనుక వంగే కొట్టాలి. మూతికి కట్టుకున్న తువ్వాల మందుకు తడిసి ఊపిరాడనివ్వలేదు, కిందికి లాగేశాడు. ఎదురుగాలి తుంపరను మొహాన కొట్టింది. ఐదో పంపుకు నోట్లో చొంగ ఊరింది. ఆరో పంపుకు చేతులు వణికి, చూపు మసకబారింది. ఒక్క మూల వదిలినా దోమ మళ్లీ అక్కడినుంచే లేస్తుందని మిగిలిన చివరి మూల కూడా కొట్టాడు. అప్పుడు గట్టెక్కి కూర్చున్నాడు.

"జర నీళ్లియ్యి, చెల్లె."

విజయ బోరు దగ్గరికి పోయి బిందెతో వచ్చేసరికి పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆటోలో జనగామ దవాఖానకు తీసుకుపోతుంటే, సగం దారిలో, ఆమె ఒళ్లోనే ఊపిరి ఆగింది.

పొద్దుగూకే వేళ విజయ మడి దగ్గరికి వచ్చింది. నీటి మీద దోమ పొట్టులా తేలుతోంది. గట్టు మీద, చేతులు కడుక్కునేందుకు భద్రయ్య కాగితంలో చుట్టి తెచ్చుకున్న సబ్బు ముక్క, ఇంకా పొడిగానే ఉంది.