ఆపరేషన్ అయిన మనిషి

బస్సు పూర్తిగా ఆగకముందే నర్సమ్మ తలుపు తెరిచి కింది మెట్టు మీదికి దిగింది. రావికమతం దాటాక చెరకు తోటల పక్కనున్న మలుపులో పిల్లలు బ్యాగులు మోసుకుని నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరినీ చంకల కింద పట్టి పైకెత్తింది. అందరికన్నా చిన్నదాన్ని ఎత్తినప్పుడు దాని తలకు పట్టించిన కొబ్బరినూనె వాసన ముక్కుకు తగిలి కడుపులో తిప్పేసింది. పెదవులు బిగించి పిల్లను సీట్లో కూర్చోబెట్టింది. ముందు చెరకు ట్రాక్టరు నత్తలా పోతోంది. దాని పొగంతా కిటికీల్లోంచి లోపలికి వస్తోంది. ఇక ఆపుకోలేక బస్సు ఆపించి, రోడ్డు పక్క గడ్డిలో కూర్చుని కక్కుకుంది.

డ్రైవరు పరదేశి నీళ్ళ సీసా అందించాడు. "ఏటప్పా, పైత్యమా?"

"పైత్యమే బాబూ," అంది మొహం కడుక్కుంటూ.

పైత్యం కాదని ఆమెకు తెలుసు.

అసలు పేరు అప్పలనరసమ్మ. ఇంట్లో నర్సమ్మ, బళ్ళో ఆయమ్మ. నలభై దగ్గర పడుతున్న మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చెరకు తోటల్లో కలుపు తీసిన రోజుల్లో ఆకులు కోసిన గీతలు ముంజేతుల మీద ఇంకా తెల్లగా కనిపిస్తాయి. చోడవరంలోని ఈ ప్రైవేటు బడిలో చేరాక కలుపు పని మానేసింది. పొద్దున పిల్లల్ని తేవడం, మధ్యాహ్నం గదులు ఊడవడం, సాయంత్రం పిల్లల్ని దింపడం. అదే బతుకు. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ చేయించుకుంది. కూతురు రోజా ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, కొడుకు విశాఖపట్నంలో ఏసీలు బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. నెల తప్పినప్పుడు ముట్లు ఆగిపోయే వయసు వచ్చేసింది కాబోలనుకుంది. పోపు వాసన పడకపోవడం మొదలయ్యాక అనుమానం వచ్చింది. ఎవరూ ఎరగని అనకాపల్లిలో మందుల షాపుకు వెళ్ళి, కోడలి కోసమని అబద్ధమాడి పరీక్ష పుల్ల కొనుక్కుంది. రెండు గీతలూ పడ్డాయి.

బిడ్డ అంటే కాదు ఆమె భయం. మొగుడు అడగబోయే ఒక్క మాటంటే భయం.

సత్యారావు లారీ డ్రైవరు. ఒడిశా వైపు లోడు తీసుకెళ్తే వారం, పది రోజులు రాడు. తాగి కొట్టే మనిషి కాడు. ఒకసారి వానలో బస్సు చెడిపోతే పాత డ్రైవరు తన బండి మీద ఆమెను ఇంటి దగ్గర దింపాడు. సత్యారావు అరుగు మీద కూర్చుని చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ వానాకాలమంతా ఆమెతో మాట్లాడలేదు. తనే వడ్డించుకుని, తిని, కంచం కడిగి బోర్లించి, అరుగు మీద పడుకునేవాడు. కొట్టినా బాగుండును అనిపించేది అప్పుడు.

మధ్యాహ్నం పన్ను నొప్పని ఆఫీసులో చెప్పి ఆస్పత్రికి వెళ్ళింది. వరండాలో బెంచీ మీద కొంగు తల మీదికి లాక్కుని, ఎవరు లోపలికి వచ్చినా గోడ వైపు తిరుగుతూ కూర్చుంది. తన పేరు పిలిచినప్పుడు కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. రెండోసారి పిలిచాక లేచింది.

డాక్టరు లక్ష్మీసుందరి సన్నటి మనిషి, మాట మెత్తన. ఆపరేషన్ ఎప్పుడైంది, నొప్పి ఉందా, రక్తం కనిపించిందా అని అడిగింది. ఆపరేషన్ తర్వాత నిలిచిన గర్భం ఒక్కోసారి గర్భసంచిలోకి రాక గొట్టంలోనే ఉండిపోతుందనీ, అది పగిలితే ప్రాణానికే ముప్పు అనీ, ముందు స్కానింగ్ చేయాలనీ చెప్పింది. చల్లటి జెల్ పొట్ట మీద రాసి, డాక్టరు తెర వైపు చూస్తున్నంతసేపూ నర్సమ్మ మంచం అంచు పట్టుకుని చచ్చిపోయాననే అనుకుంది.

"సంచిలోనే ఉందమ్మా. భయం లేదు," అంది డాక్టరు. రెండో నెల నడుస్తోందట.

"ఆపరేషన్ అయిందాన్ని కదా డాక్టరమ్మా. ఇదెలాగ?"

తెగిన గొట్టం ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా అరుదుగా అతుక్కుంటుందని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. తప్పు నీది కాదని రెండుసార్లు చెప్పింది. తర్వాత ఉన్న దారులు చెప్పింది. ఉంచుకోవచ్చు, కాకపోతే ఈ వయసుకి బీపీ, షుగరు చూసుకుంటూ జాగ్రత్తగా ఉండాలి. వద్దనుకుంటే చట్టం ఒప్పుకుంటుంది, ఇప్పుడైతే మాత్రలతోనే అవుతుంది. కని, పెంచుకునేవాళ్ళకు చట్టప్రకారం ఇచ్చేయనూ వచ్చు. నాటుమందులు మాత్రం ముట్టుకోవద్దు. ఇవాళే తేల్చుకోనక్కర్లేదు, అలాగని మరీ ఆలస్యమూ చేయకూడదు.

నర్సమ్మ కాగితం మీది బొమ్మను వేలితో తడిమింది. "మా ఆయన సంతకం పెట్టాలా అమ్మా?"

"అక్కర్లేదు. నీ సంతకం చాలు. ఆయనకు అనుమానమేదైనా ఉంటే తీసుకురా, నేను చెప్తాను."

అనుమానమన్న మాట ఈవిడకెలా తెలిసిందా అని నర్సమ్మ గతుక్కుమంది.

సాయంత్రం బస్సులో చిన్నపిల్ల నిద్రపోయి ఆమె భుజం మీదికి వాలింది. వెచ్చటి ఊపిరి మెడకు తగులుతోంది. రెండో కాన్పులో తనకు ఒళ్ళంతా నీరొచ్చి, బీపీ పెరిగి, తెలివి తప్పి, బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. అది మళ్ళీ వస్తే? తొమ్మిది నెలలు మోసి ఎవరికో ఇచ్చేస్తే, పిల్ల ఏదే అని ఊళ్ళో అడిగితే ఏం చెప్పాలి? ఇవ్వడానికి చేతులొస్తాయా? మాత్రలు వేసుకుంటే పాపమా? ఏ వైపు చూసినా భయమే. అందులో కాస్త తక్కువ భయమేదో వెతుక్కుంది. మాత్రలే మేలనుకుంది. పిల్లను వాళ్ళమ్మ చేతికి అందించేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుంది.

సత్యారావు ఇంటి దగ్గరే ఉన్నాడు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, నేల చూస్తూ చెప్పేసింది. గది తలుపు వెనక రోజా పుస్తకం మూసిన చప్పుడైంది.

అతను కలుపుతున్న ముద్ద ఆపాడు. "నీకాపరేషనయింది కదే."

ఆమె నేల మీది చూపు ఎత్తింది. "గొట్టం అతుక్కుందంట మావా. ఎక్కడో ఒకరికి అలాగవుద్దంట. డాక్టరమ్మ నీకూ సెప్తానంది."

"వోళ్ళు అందరికీ అలాగే సెప్తారు."

"రేపు నేను ఎల్తన్నాను. నా పేణానికి బయమేసి తీయించుకుంటన్నాను, నీకు బయపడి కాదు. నమ్మితే రా. నమ్మకపోతే నీ ఇష్టం."

తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు. అతను చెయ్యి కడుక్కుని, కంచం బోర్లించి, అరుగు మీదికి పోయాడు.

తెల్లారి అరుగు మీద మడత మంచం మాత్రమే ఉంది. బజారుకు వెళ్ళాడేమో అనుకుని ఎదురుచూసింది. రోజా కాలేజీ మానేసి చున్నీ వేసుకుని సిద్ధంగా నిలబడింది. "పదమ్మా. ఆటో ఉంది," అంది, అంతే. చోడవరం దాకా తల్లి చెయ్యి వదల్లేదు.

నర్సమ్మ తన సంతకం తనే పెట్టింది. మొదటి మాత్ర డాక్టరు ఎదురుగానే మింగింది. ఎల్లుండి మళ్ళీ రావాలి, రక్తం ఎక్కువైతే ఏ వేళైనా వచ్చేయాలి. నీళ్ళ గ్లాసు కింద పెట్టాక ఏడుపొచ్చింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. డాక్టరు తొందరపెట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి దండెం మీద అతని బట్టలు లేవు, మూల సంచీ లేదు. లారీ ఎక్కేడని పక్కింటామె చెప్పింది. ఎన్నాళ్ళకొస్తాడని ఆమెను అడగలేక నర్సమ్మ లోపలికి వచ్చి ఫోను చేసింది. స్విచ్చాఫ్ వచ్చింది. మళ్ళీ చేసింది. కోపంతో కట్టేశాడో, బ్యాటరీ అయిపోయిందో తెలియలేదు. మంచం మీద కూర్చుని, తలగడకు ఆనుకుని, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని ఎదురుగా గోడ వైపు చూసింది. స్విచ్ బోర్డులో అతని ఫోను ఛార్జరు అలాగే ఉంది. స్విచ్చి వేసే ఉంది. వైరు నేల దాకా వేలాడుతోంది.