ఏసమ్మ చేలో మొసలి

నేను ఒక భూతద్దాన్ని. ఏసమ్మ పత్తి చేను సగం నావల్లే పోయింది. దీన్ని ఎవరూ కాదనలేరు.

అంబాలాలో ఒక చిన్న కార్ఖానాలో నన్ను సానబట్టి ఇత్తడి చట్రంలో బిగించారు. దేన్నయినా పదింతలు చేసి చూపుతాను. అంతకుమించి నాకేమీ రాదు. ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంవాళ్లు నన్ను కొని, సామాన్ల జాబితాలో ఎక్కించి, సొరుగులో పెట్టి మరిచిపోయారు. ఏడేళ్లు గుండుసూదుల మధ్య పడి ఉన్నాను. ఆ గదిలో పురుగుల మీద పరిశోధన చేసేవాళ్లు నలుగురుండేవారు. పురుగున్న చోటికి వెళ్లినవాడు ఒక్కడూ లేడు.

తర్వాత డాక్టర్ వకుళగారు వచ్చారు. నన్ను తీసి, కొంగుతో తుడిచి, దారం కట్టి మెడలో వేసుకున్నారు. ప్రతి మంగళవారం పల్లెలకు ప్రయాణం. ఆ సమయంలో నాలుగు పేపర్లు రాసుకుంటే ప్రమోషన్ వచ్చేది కదా అని పై అధికారి జాలిపడ్డాడు. ఆమె నవ్వి బస్సెక్కారు.

పల్నాటిలో ఒక ఊళ్లో మొదటి సభ. షామియానా కింద మైకు పట్టుకుని సమగ్ర సస్యరక్షణ గురించి ముప్పావుగంట మాట్లాడారు. జనం మర్యాదగా నిద్రపోయారు. ఎకరంన్నర కౌలుకు తీసుకుని పత్తి వేసిన ఏసమ్మ వెనకనుంచి లేచింది.

"ఇదేదో మా చేలోకొచ్చి చెప్పు తల్లీ. ఇక్కడ పురుగుల్లేవు."

వకుళగారు మైకు వదిలి ఆమె వెంట నడిచారు. ఆ మంచి పనే కొంప ముంచింది.

పత్తి ఆకు కింద రసం పీల్చే పేనుబంక ఉంది. పక్కనే అక్షింతల పురుగు పిల్ల. పెద్దయితే ఎర్రగా, గుండ్రంగా ముద్దొస్తుంది. పిల్లప్పుడు నల్లగా, ముళ్లతో ఉంటుంది. వకుళగారు నన్ను దాని మీద పట్టి, ఇది పేనును తినే మిత్రపురుగు, దీన్ని కాపాడుకోవాలి అన్నారు. ఏసమ్మ చూసింది. ఆ తర్వాత ఆమెకేమీ వినపడలేదు.

"మొసలి," అంది.

అది బియ్యపుగింజంత ఉంటుంది. పదింతలు చేసింది నేను. వకుళగారి బస్సు ఊరు దాటకముందే ఏసమ్మ మందు డబ్బా వీపుకెత్తుకుంది. మొసళ్లన్నీ చచ్చాయి. ఆకుల అడుగున పేను మాత్రం మిగిలింది. రెండు వారాలకు పేనుబంక చేనంతా కమ్మింది. ఆకులు ముడుచుకుని జిగటగా మెరిశాయి.

మూడో మంగళవారం గట్టు మీదే నిలదీసింది. "నువ్వు చూపించకపోతే నేను కొట్టేదాన్నే కాదు. అద్దం పెట్టి నా చేను తగలెట్టావు."

నేను చెప్పానుగా, నువ్వే వినలేదు అని వకుళగారు అనవచ్చు. అలా అనే శాస్త్రవేత్తలను సొరుగులోంచి చాలామందిని విన్నాను.

"తప్పు నాదే ఏసమ్మా," అన్నారు వకుళగారు. "పురుగును చూపించాను. అది తినడం చూపించలేదు."

బతికిన మిత్రపురుగు కోసం ఇద్దరూ చేనంతా వెతికారు. ఒక్కటీ దొరకలేదు. గట్టు వెంట వేసిన అలసందల మీద ఇలాంటివి ఏటా ఉంటాయని, అక్కడ మందు కొట్టలేదని ఏసమ్మకే గుర్తొచ్చింది. అది వకుళగారికి తెలియని సంగతి. నోటుబుక్కు తీసి రాసుకున్నారు. అక్కడ దొరికిన పిల్లను ఆకుతో సహా తెంపి, నన్ను ఏసమ్మ చేతిలో పెట్టారు. ఎండలో కూలబడ్డారు. చాలాసేపు ఏమీ జరగలేదు. నీ మొసలి ఉపవాసముందేమో అని ఏసమ్మ ఎగతాళి చేసింది. అప్పుడది ఒక పేనును పట్టింది. తర్వాత ఇంకొకటి.

"తింటంది," అంది ఏసమ్మ, కన్ను తీయకుండా. "ఓసి నీ దుంపతెగ, తింటంది."

ఆ పూటే ఊళ్లోవాళ్లను పిలిచి తనే చూపించింది. వకుళగారి ముప్పావుగంట ఆమె నోట రెండు ముక్కలైంది: "ఇది మన మొసలి. కొట్టమాకండి." అలసంద ఆకులను పురుగులతో సహా గంపల్లో మోసి పత్తి మొక్కల మీద పెట్టారు. గట్టు వైపు సగం తేరుకుంది. రెండో సగం తేరుకోలేదు.

కేంద్రంవాళ్ల నివేదికలో బతికిన సగం ఫోటో వేశారు. పోయిన సగం గురించి వకుళగారు రాసిన పేజీని పై అధికారి తీసేశాడు. ఆమె మళ్లీ పెట్టారు. మళ్లీ తీసేశాడు. ఆ పేజీ పట్టుకుని ఊరికొచ్చి, ఏసమ్మ వాకిట్లో నిలబడి అందరికీ చదివి వినిపించారు.

నన్ను ఏసమ్మకే ఇచ్చేశారు. మందు కొట్టేముందు ఎవరైనా వచ్చి నన్ను ఇమ్మని అడిగితే, పురుగు తినేదాకా ఆకు దగ్గరనుంచి లేవకూడదన్న షరతు మీద ఇస్తుంది.

పోయిన సగంలో మొక్కలు పీకిన రోజు వకుళగారూ వంగి పీకారు. అరచేతులు బొబ్బలెక్కాయి. పని అయ్యాక ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఏదో మాట్లాడుకున్నారు. నేను విన్నాను. అది ఎవరికీ చెప్పను. ఆ చేను సంగతి ఇక ఎత్తను.